పాలు పడ్డాయా?

మనవాళ్లకు మొహమాటం ఎక్కువే. మావగారి ప్రోస్టేటు సంగతి లిఫ్టులో ఎవరూ ఎత్తరు. ఎదురింటాయన మొలల ఆపరేషను ఎలా జరిగిందని అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో వాకబు చెయ్యరు. కాన్పయిన ఆడమనిషి రొమ్ముల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ మర్యాదంతా చెప్పుల స్టాండు దగ్గరే ఆగిపోతుంది. పనిమనిషి అడుగుతుంది, ఫ్లాట్ల సంఘం కార్యదర్శి అడుగుతాడు, మొగుడి ఆఫీసులో మేనేజరు ఫోను చేసి శుభాకాంక్షలు చెప్పి, ఆ ఊపులోనే "ఇంతకీ మదర్ ఫీడింగేనా?" అని కనుక్కుంటాడు. ఆ సమాచారం ఏ రిపోర్టులో వాడుకోవాలో ఆయనకు తెలియదు. అయినా కావాలి.

ఈ ప్రశ్నకు గట్టెక్కించే జవాబు లేదు. అవునంటే "చాలుతున్నాయా?" అంటారు. చాలుతున్నాయంటే "మరి పిల్ల చిక్కినట్టుందే" అంటారు. డబ్బా పాలంటే "అయ్యో" అంటారు. రెండూ అంటే "రెండూ కలిపితే పడదంటారు కదా" అంటారు. ఇంతమంది ఇన్ని అంటూ ఉండగా, రాత్రి మూడింటికి పిల్ల కేరుమంటే లేచి కూర్చునే పని మాత్రం ఒక్కదానిదే. పాల మీద హక్కు ఊరందరిదీ, నిద్ర మీద నష్టం ఆవిడది.

ఆ మధ్య మా అక్క కూతురు హారిక కాన్పుకు విజయవాడ వెళ్లాను. సిజేరియన్ అయి రెండో రోజు. ఆసుపత్రి గదిలో ఇద్దరు పట్టే సోఫాలో నలుగురు, కిటికీ గట్టు మీద ఇద్దరు, హారిక కాళ్లు ముడుచుకుంటే మంచం చివర మిగిలిన జాగాలో ఇంకొకరు. బల్ల మీద యాపిల్ పళ్లు, ఎవరో తెచ్చిన పూతరేకుల డబ్బా. పూతరేకులు మేమే తింటున్నాం, బాలింత తినకూడదు కనక.

"పాలు పడ్డాయా?" అంది హారిక పెద్దత్తగారు, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే.

"ఇంకా లేదండీ" అంది మా అక్క, నేరం ఒప్పుకునే గొంతుతో.

"మా వైపు ఈ బాధ ఎప్పుడూ లేదు వదినగారూ. మా పెద్దమ్మాయికి మర్నాటికే ధార కట్టాయి" అంది హారిక అత్తగారు.

"మా ఇంట్లో మాత్రం తక్కువా వదినగారూ? మా అమ్మ నాకు మూడేళ్లు ఇచ్చింది. పక్కింటి పిల్లకు కూడా పట్టేది."

వియ్యపురాళ్లిద్దరూ అలా రెండు వంశాల పాల చరిత్రను మూడు తరాల వెనక్కి తవ్వుకుంటూ పోయారు. పెళ్లిలో ఆడపడుచు లాంఛనాల దగ్గర కూడా ఇంత పట్టుదల చూడలేదు. ఈలోగా ఒక పిన్నిగారు నేరుగా మంచం దగ్గరికెళ్లి, చేతులైనా కడుక్కోకుండా, హారిక జాకెట్టు తప్పించి, నొక్కి చూసి, "ఏం రావట్లేదే" అని తేల్చేసింది. సంతలో గేదెను కొనేవాడైనా ఆసామిని అడిగి గానీ పొదుగు మీద చెయ్యి వెయ్యడు.

కుట్లు లాగుతున్నాయని, లేచి కూర్చోలేకపోతున్నానని హారిక రెండుసార్లు చెప్పింది. వీపు వెనక ఇంకో దిండు పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఆ దిండు మీద పెద్దత్తగారు కూర్చుని ఉంది.

పిల్ల ఏడ్చింది. ఏడుపంటే ఆకలేనని గది ఏకగ్రీవంగా తీర్మానించింది. పక్క తడిసిందా, చలేస్తోందా, ఇన్ని చేతులు మారి విసిగిందా అన్నది చర్చకే రాలేదు. నర్సు వచ్చి, "పాలు రావట్లేదంట కదా, సార్ డబ్బా రాశారు, కింద షాపులో ఉంటుంది" అంది. అత్తగారు పర్సు తీసింది. పది నిమిషాల్లో డబ్బా వచ్చింది, వేన్నీళ్లు వచ్చాయి, పిల్ల తాగి నిద్రపోయింది. "చూశారా, ఆకలే!" అన్నారు అందరూ. హారిక గోడవైపు తిరిగి పడుకుందామనుకుంది. కుట్లు తిరగనివ్వలేదు.

నిజానికి ఆ పిల్లకు సరిపడా సరుకు అప్పటికే తల్లి దగ్గర ఉంది. కాన్పయిన మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. పసుపుపచ్చగా, చిక్కగా, చెంచాల లెక్కన వస్తాయి. అప్పుడే పుట్టిన పొట్టకు అంతే కావాలి. పాలు పొంగడం మొదలయ్యేది రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య, సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. బిడ్డ ఎంత చప్పరిస్తే అన్ని పాలు. డబ్బాతో పొట్ట నిండిన బిడ్డ నిద్రపోతుంది, చప్పరించదు. చప్పరించకపోతే పాలు ఊరవు. ఊరకపోతే "మేం ముందే చెప్పాం కదా." ముందు తీర్పు ఇచ్చేసి, దానికి తగిన నేరాన్ని తర్వాత తయారుచేసుకునే న్యాయస్థానం ప్రపంచంలో ఇదొక్కటే.

పైగా భయం, అవమానం, నిద్రలేమి కలిస్తే పాలు చేపుకు రావు. ఇది ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు, పశువుల పాకలో పెరిగిన ప్రతి మనిషికీ తెలుసు. కొత్తవాడు ఎదురుగా నిలబడితే గేదె చేపదని పిల్లల్ని అవతలికి తరుముతారు. ఆ గదిలో ఉన్నవాళ్లలో సగంమంది పాడి ఉన్న ఇళ్లనుంచి వచ్చినవాళ్లే. ఒక్కరూ లేవలేదు.

పాలు చాలుతున్నాయో లేదో తెలుసుకోవడానికి నొక్కుడు పరీక్షలు అక్కర్లేదు. వారం తిరిగేసరికి రోజుకు కనీసం ఆరు గుడ్డలు తడుపుతోందా, మొదట్లో తగ్గిన బరువు రెండు వారాలకల్లా తిరిగి వచ్చిందా, చూసుకుంటే చాలు. కాకపోతే తడిసిన గుడ్డల లెక్క తెలియాలంటే ఎవరో ఒకరు వాటిని ఉతకాలి. నొక్కే చేతులూ ఉతికే చేతులూ ఒకటి కావు.

ముర్రుపాల దగ్గర ఇంకో విడ్డూరం ఉంది. గేదె ఈనిందని తెలిస్తే చాలు, ఊళ్లో ఉన్న బావమరిదికి ఫోన్లు వెళ్తాయి. మొదటిపూట పాలు కావాలి, రెండోపూటవైనా సరే. అవి బస్సెక్కి హైదరాబాదు వస్తాయి. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద జున్ను పెట్టి, ముక్కలు కోసి, పక్క ఫ్లాటుకు కూడా పంచుతారు. ఎంత బలమో, ఎంత రుచో అని లొట్టలు వేస్తారు. అవే ముర్రుపాలు ఇంట్లో కోడలివైతే "అవి మంచివి కావమ్మా, పిండి పారబొయ్యి" అనే పెద్దలు ఇంకా ఉన్నారు. దూడకు దక్కాల్సింది మనం తింటాం, మన పిల్లకు దక్కాల్సింది తూములో పోస్తాం. ఉభయత్రా నష్టపోయేది పసిదే.

పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆ గంటలోపు తాగిన పిల్లలు నూటికి 41.8 మందే. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. కడుపు కోసి తీసిన కాన్పులు దేశం మొత్తం మీద నూటికి 21.5, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5. అంటే సహజంగా పుట్టడం అక్కడ ఒక వింత.

ఈ అంకెల వెనక పంతులుగారు కూడా ఉన్నారు. నక్షత్రం చూసి, లగ్నం చూసి, పది నలభై రెండుకు బిడ్డ బయటపడాలని రాసిస్తే, మత్తు డాక్టరు దగ్గర్నుంచి మేనమామ దాకా అందరూ గడియారాలు పట్టుకుని నిలబడతారు. పది నలభై రెండుకు బిడ్డ వస్తుంది. అక్కడితో గడియారాల పని అయిపోతుంది. తర్వాత గంట ఎవరి ఖాతాలోనూ లేదు. బరువు తూస్తారు, గుడ్డలో చుడతారు, వరండాలోకి తెస్తారు, తండ్రి సెల్ఫీ తీసుకుంటాడు, తాతగారు ఆ సెల్ఫీని అమెరికా పంపిస్తారు. మంచి గుణం ఉన్న మనిషి చేత నాలిక మీద తేనె రాయిస్తే బిడ్డకు ఆ గుణం వస్తుందని బంధువుల్లో ఎవరు మంచివాళ్లో తేల్చుకోవడానికి కొంత సమయం పడుతుంది, గొడవలు కూడా అవుతాయి. ఏడాది నిండని పిల్లలకు తేనె ప్రమాదమని పిల్లల డాక్టర్లు మొత్తుకుంటున్నా సరే. తల్లి మత్తులో లోపల ఉంది. సాయంత్రానికి ఆవిడ దగ్గరికి బిడ్డను తెచ్చి, "పాలు పట్టు, ఇంకా పడలేదా?" అంటారు.

జాతకంలో అన్ని గ్రహాలూ ఉచ్చస్థితిలో ఉన్నాయి. పాపం, బిడ్డ కడుపులో ఏమీ లేదు.

ఇక పాలు పడటానికి తల్లికి పెట్టే తిండి సంగతి. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని 2020లో రాసింది. మన పథ్యం ఆ కాగితాన్ని చూడలేదు. పెరుగు వద్దు, జలుబు చేస్తుంది. వంకాయ వద్దు, దురద. పప్పు వద్దు, పిల్లకు కడుపునొప్పి. టమాటా వద్దు, కుట్లు చీము పడతాయి. నీళ్లు అసలే వద్దు, పొట్ట జారుతుంది. పాతబియ్యం అన్నంలో వెల్లుల్లి కారం, పొద్దున్నే ఓ కాయం ముద్ద, దాహమంటే సగం గ్లాసు వేన్నీళ్లు. మే నెలలో, చెవుల్లో దూది పెట్టి, కిటికీలు మూసి, సాంబ్రాణి వేసిన గదిలో కూర్చోబెట్టి, గుక్కెడు నీళ్లకు రేషను పెట్టి, లీటర్ల కొద్దీ పాలు రాలేదేమని ఆశ్చర్యపోతారు.

పథ్యమంతా తప్పని నేననను. కోస్తాలో బాలింతకు పాలసొర తెచ్చి వండిపెట్టే ఆ సొరపిట్టులో మంచి మాంసకృత్తులున్నాయి. వెల్లుల్లికి నేను వ్యతిరేకిని కాను. ఒక సంగతి గమనించండి: సొరపిట్టు ఖరీదైంది గనక అరుదు, నీళ్లు ఆపడానికి ఖర్చు లేదు గనక అది ప్రతి ఇంటా అమలు. ఇప్పుడు దానికి తోడు శతావరి పొడులు, పాలు పెంచే లడ్డూలు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డరు పెడితే రెండు రోజుల్లో డెలివరీ. నిద్రను డెలివరీ చేసే యాప్ ఇంకా రాలేదు.

డబ్బా కంపెనీల గురించి తిట్టడానికి పెద్దగా మిగల్లేదు, చట్టమే వాళ్లను తిట్టింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ వ్యాపార ప్రచారానికి ఒక నియమావళి పెట్టింది. మన పార్లమెంటు 1992లో చట్టం చేసి 2003లో ఇంకా బిగించింది. పాలపొడికి ప్రకటన ఇవ్వకూడదు. తల్లులకు ఉచిత శాంపిళ్లు పంచకూడదు. డబ్బా మీద పసిపిల్ల బొమ్మ గానీ ఆడమనిషి బొమ్మ గానీ ఉండకూడదు. తల్లిపాలే మీ బిడ్డకు శ్రేష్ఠమని పెద్దక్షరాలతో అచ్చువెయ్యాలి. మంచి చట్టమే. దాని ఫలితంగా ఒక విచిత్రం జరిగింది. అత్తగారు, ఆడపడుచు, అంగన్‌వాడీ టీచరు, అందరి సలహాలూ విని అలసిపోయి, చివరికి తప్పక డబ్బా తెప్పించుకుంటే, ఆ డబ్బా కూడా సలహా ఇస్తుంది.

ఆ డబ్బా ఎక్కడుంటుందో ఎప్పుడైనా చూశారా? నేను చూశాను. వంటింట్లో మినప్పప్పు డబ్బాల వెనక, ఖాళీ బోర్నవీటా సీసాలో. పొడిని అందులోకి మార్చి, అసలు డబ్బాను నల్ల కవరులో చుట్టి చెత్తబండికి ఇస్తుంది ఆ తల్లి. మందు సీసాలు దాచే మొగుడికి కూడా ఇంత జాగ్రత్త లేదు. ఆవిడకు థైరాయిడ్ ఉండొచ్చు. కాన్పులో రక్తం ఎక్కువ పోయి ఉండొచ్చు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి, పాలు పీల్చే బలం లేకపోయి ఉండొచ్చు. చనుమొనలు పగిలి, రొమ్ము గడ్డకట్టి, జ్వరంతో నాలుగు రాత్రులు ఏడ్చి, ఐదో రాత్రి ఇక చాలనుకుని ఉండొచ్చు. లేదా ఇవేవీ కాక, ఇష్టం లేకపోయి ఉండొచ్చు. అదీ ఒక కారణమే. శరీరం ఆవిడది కనక. కానీ బంధువర్గం దగ్గర కారణం ఎప్పుడో సిద్ధంగా ఉంది: "అందం పాడవుతుందని ఇవ్వట్లేదులే." మూడు నెలలుగా తల దువ్వుకోవడానికి తీరిక లేని మనిషి గురించి అనే మాట ఇది.

తల్లిపాలు మంచివన్నదాంట్లో నాకే సందేహమూ లేదు. మొదటి ఆరు నెలలూ అవి తప్ప ఇంకేమీ అక్కర్లేదని డాక్టర్లు చెప్పేది నిజమే. శుభ్రమైన నీళ్లు దొరకని ఇంట్లో, పొడిని పలచన చేసి వారానికి బదులు రెండు వారాలు లాగే ఇంట్లో, సీసా పాలు పసిప్రాణానికి ఎంత ముప్పో కూడా నిజమే. అయితే నిజాన్ని చెప్పడం వేరు, దాన్ని కర్రలా పట్టుకు తిరగడం వేరు. ప్రసవం తర్వాత దిగులుతో కుంగిపోయి ఉన్న ఆడపిల్లకు "అమృతాన్ని కాలదన్నుకుంటున్నావు" అని రీల్ పంపించే పుణ్యాత్ములకు ఈ తేడా తెలియదు. వాళ్లకు తెలిసింది ఫార్వర్డ్ బటన్.

ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా ప్రపంచ తల్లిపాల వారోత్సవాలు. 1992లో మొదలయ్యాయి. మన దగ్గర వాటిని జరిపే పద్ధతి ఏమిటంటే, వేదిక మీద పదిమంది, అందులో ఎనిమిదిమంది మగవాళ్లు. బ్యానరు మీద గులాబీరంగు. తల్లిపాలు అమృతతుల్యమని ఒకరి తర్వాత ఒకరు గంటన్నర చెబుతారు. ముందువరుసలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టిన బాలింతల ఒళ్లో పిల్లలు ఆకలికి గుక్కపెడుతుంటారు. అంతమంది మధ్య రొమ్మిచ్చే ధైర్యం లేక వాళ్లు చంక మారుస్తుంటారు. "అమ్మా, ఆ పిల్లల్ని కొంచెం బయటికి తీసుకెళ్లండి, సార్ మాట్లాడుతున్నారు" అంటాడు మైకు పట్టుకున్నాయన.

బయట ఎక్కడికి? ఒక జిల్లా కేంద్రం బస్టాండులో తల్లిపాల గది అన్న బోర్డు చూశాను. తాళం వేసి ఉంది. తాళంచెవి పార్శిల్ కౌంటరులో ఉంటుందన్నారు. అక్కడ అడిగితే, ఆ మనిషి భోజనానికి వెళ్లాడన్నారు. కిటికీ సందులోంచి చూస్తే లోపల రెండు చీపుర్లు, ఒక ఫినాయిల్ క్యాను, కాలు విరిగిన కుర్చీ, గోడమీద చిరునవ్వుల తల్లీబిడ్డల బొమ్మ. నా పక్కన నిలబడ్డ అమ్మాయి ఇంక చూసి చూసి, ప్లాట్‌ఫారం సిమెంటు బెంచీ మీద కూర్చుని కొంగు కప్పుకుంది. ఎదురు బెంచీలో పేపరు చదువుతున్న పెద్దమనిషికి హఠాత్తుగా ఆ రోజు వార్తల మీద ఆసక్తి పోయింది.

మన సినిమాల్లో హీరో తొడకొట్టి, తల్లిపాలు తాగినవాడివైతే రమ్మని పిలుస్తాడు. హాలు ఈలలతో ఊగిపోతుంది. ఆ పాలు ఏ తల్లి ఏ బస్టాండులో ఎవరి చూపులు కాచుకుంటూ ఇచ్చిందో అడిగే సీను ఏ దర్శకుడూ తియ్యడు. 2018లో గృహలక్ష్మి అనే మలయాళ పత్రిక పాలిస్తున్న స్త్రీ బొమ్మను ముఖచిత్రంగా వేస్తే అశ్లీలమని కేసు పెట్టారు. కేరళ హైకోర్టు కొట్టేసింది. బహిరంగ స్థలాల్లో, పనిచేసేచోట పాలివ్వడాన్ని తప్పుగా చూడకూడదని, తల్లులకు చోటు కల్పించాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పేపరు పెద్దమనిషి ఆ వార్త ఉన్న పేజీ దాకా వెళ్లి ఉండడు.

అదే తల్లి రెండేళ్ల పిల్లాడికి ఇంకా ఇస్తుంటే చూడాలి. నిన్నటిదాకా ఇవ్వలేదని ఏడిచినవాళ్లే "సిగ్గు లేదూ, గాడిదలా ఉన్నాడు, వేపాకు ముద్ద రాసి మాన్పించు" అంటారు. రెండేళ్లూ ఆ పైనా ఇవ్వొచ్చని ఆరోగ్య సంస్థ అంటున్నా వీళ్ల పంచాంగం వేరు. మొదట్లో చాలలేదు, చివర్లో ఎక్కువైంది. మధ్యలో ఎప్పుడో ఒక శుభ ఘడియలో సరిగ్గా సరిపోయి ఉంటుంది, ఆ సమయానికి ఎవరూ చూడ్డానికి రాలేదు.

ఉద్యోగస్తురాలి లెక్క ఇంకో రకం. 1961 ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి సెలవు 26 వారాలు చేశారు. మొదటి ఇద్దరు పిల్లలకే. ఆరు నెలలు తల్లిపాలు, ఆరు నెలలు సెలవు, చక్కగా కుదిరిందని చప్పట్లు కొట్టారు. అందులో ఎనిమిది వారాలు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. కాళ్లు వాచి, బీపీ పెరిగి వాడుకున్నావిడకు కాన్పు తర్వాత మిగిలేది 18 వారాలు, నాలుగు నెలల చిల్లర. మిగతా రెండు నెలలూ తల్లిపాలు ఇంట్లో, తల్లి ఆఫీసులో. యాభైమంది ఉద్యోగులున్న చోట పిల్లల సంరక్షణ గది ఉండాలని కూడా ఆ సవరణలో ఉంది. నాకు తెలిసిన ఒక ఐటీ అమ్మాయి పాలు పిండుకునే చోటు ఇమ్మని హెచ్‌ఆర్‌ను అడిగితే యూపీఎస్ బ్యాటరీల గది చూపించారు. తలుపుకు గడియ లేదు. ఆఫీసులో ధ్యానానికి మాత్రం ఒక గది ఉంది, వెదురు మొక్కలతో సహా.

ఆ అమ్మాయి అదృష్టవంతురాలి కిందే లెక్క. ఆవిడ బిడ్డకు స్నానం పోయించే మనిషి ఉంది చూశారా, ఆ మనిషికి కూడా అయిదు నెలల పిల్లాడున్నాడు. వాణ్ని అత్త దగ్గర వదిలి ఏడింటికి వస్తుంది, పదకొండింటికి రవిక తడిసిపోతే కొంగు అడ్డం పెట్టుకుని ఇక్కడి పిల్లకు కాటుక దిద్దుతుంది. ఆమెకు 26 వారాలు లేవు, 26 గంటలు లేవు. గుంటూరు, ఖమ్మం మిరప చేలల్లో కాయలేరే తల్లి సంగతి ఇంకా ఘాటు. పొద్దుటినుంచి కాయలు తుంచిన చేతులు మంటెత్తిపోతుంటాయి. నూనె రాసి, మట్టితో తోమి, మళ్లీ కడుక్కుంటే గానీ బిడ్డను ముట్టుకోలేదు. అంత కడుక్కునేసరికి మేస్త్రీ కేకేస్తాడు. "గంటలోపు", "ఆరు నెలలు", "రెండేళ్లు" అన్న గోడరాతలు ఆవిడ పనికి వచ్చే ట్రాక్టరుకు రెండు పక్కలా కనిపిస్తూనే ఉంటాయి.

2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి, బాలింతకు కనీసం 6,000 రూపాయలు ఇస్తామంది. 2017లో పథకం వచ్చేసరికి అది 5,000 అయింది, మొదటి కాన్పుకే అయింది, వాయిదాలయింది. తర్వాత రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 అని కలిపారు. రెండోసారి మగపిల్లాణ్ని కన్న తల్లికి పాలు ఊరికే ఊరతాయని కాబోలు. ఆ 5,000ను ఆరు నెలలకు పంచితే రోజుకు 28 రూపాయల లోపు. అమృతానికి సర్కారు కట్టిన రేటు అది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పనిచోటికి ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలని రాశారు. రాత బాగుంది.

అమెరికాలో ఉన్న మన అమ్మాయిలకు ఫెడరల్ చట్టప్రకారం దక్కేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా, అదీ అర్హత ఉంటే. అక్కడికి మొదట అమ్మ వస్తుంది, ఆమె వీసా గడువయ్యాక అత్త వస్తుంది. పాల పంచాయితీ కూడా రెండు విడతలుగా నడుస్తుంది. మొదటి విడతలో "మా అమ్మాయికి పాలెందుకు పడవు", రెండో విడతలో "మీ అమ్మ సరిగ్గా పెట్టలేదు".

మరి తండ్రి? ఉన్నాడు, లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే పదిహేను రోజుల సెలవుంది, ప్రైవేటువాడికి ఆ చట్టమూ లేదు. సెలవులో ఏం చేస్తున్నాడని అడక్కండి. వాళ్లమ్మనీ పెళ్లాన్నీ ఇద్దర్నీ నొప్పించకూడదని వరండాలో నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. తాగిన పిల్లను భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరడానికి పాలు అక్కర్లేదు, భుజం ఉంటే చాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పే తీరిక ఉన్నవాళ్లంతా లోపల హారికకు చెబుతున్నారు.

నెలలు నిండకుండా పుట్టి తల్లిపాలు అందని పిల్లలకు వేరే తల్లులు దానమిచ్చిన పాలు పట్టే బ్యాంకులున్నాయి. ఆసియాలో మొదటిది 1989లో ముంబయి సయన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ మొదలుపెట్టారు. హైదరాబాదు నిలోఫర్‌లోనూ ఉంది. దానమిచ్చే తల్లుల రక్తం పరీక్షించి, చాలాచోట్ల కొందరి పాలు కలిపి, 62.5 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, చల్లబరిచి, గడ్డకట్టించి దాస్తారు. ఇంత బాగా నడిచే పని మన దేశంలో అరుదు, నేను పొగుడుతున్నాను, వ్యంగ్యం కాదు.

ఇలాంటి పాలు రాసిచ్చిన కాగితం పట్టుకుని మా బంధువొకాయన, రిటైర్డు హెడ్మాస్టరు, నాకు ఫోను చేశాడు. మనవరాలు పదమూడు వందల గ్రాములు, కోడలికి బీపీ, అయిసీయూలో ఉంది. పాలు పట్టమన్నారు గానీ ఆయనకో సందేహం. ఇంట్లో ముప్పై ఏళ్లుగా ప్యాకెట్టు పాలు తాగుతున్నాడు, అవి ఏ ఊరి గేదెవో ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాడు.

"ఎవరివో ఏమిటో తెలీదు కదమ్మా. ఏ కులం వాళ్లో."

"అందరివీ ఉంటాయి బాబాయ్. కలిపేస్తారు."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు:

"డబ్బు కడితే మనవాళ్లవి విడిగా కాచి ఇవ్వరా?"